రోజూ కోడ్ రాయనివాళ్ళకి వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఎలా నేర్పాలి? నాలుగో ఆదివారానికి సగం మందే మిగిలారు

కృష్ణలంక | జూన్ 8, 2025, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. విజయవాడలో మా పేట లైబ్రరీ హాల్లో ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా వెబ్‌సైట్లు తయారుచెయ్యడం నేర్పుతున్నాను. ఫీజు ఏమీ లేదు. వచ్చేవాళ్ళెవరూ ప్రోగ్రామర్లు కారు, ఉద్యోగం మారే ఉద్దేశమూ లేదు. ఇద్దరు గవర్నమెంట్ టీచర్లు, ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఎరువుల షాపు నడిపే పెద్దాయన, డీటీపీ సెంటర్ ఆయన, జానపద గేయాల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి, ఇంకో ముగ్గురు. మొత్తం తొమ్మిది మందితో మొదలైంది.

మొదటి వారం హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏముండాలో రాసేది), రెండో వారం సీఎస్ఎస్ (అది ఎలా కనపడాలో చెప్పేది), మూడో వారం జావాస్క్రిప్ట్ (పేజీని పనిచేయించే భాష) చెప్పాను. ఇవాళ రియాక్ట్ మొదలుపెట్టాను, వెబ్‌సైట్ తెరలు కట్టుకోవడానికి ముందే సిద్ధంగా ఉండే చట్రం (ఫ్రేమ్‌వర్క్) లాంటిది అది. నలుగురే వచ్చారు. మూడు ల్యాప్‌టాప్‌లలో దానికి కావలసిన ప్యాకేజీలు దిగేసరికి పదకొండున్నర దాటింది. ఒకదాంట్లో అసలు దిగనేలేదు.

వెళ్ళేటప్పుడు ఎరువుల షాపాయన మెట్ల దగ్గర ఆగి, "బాబూ, నాలుగు వారాలైంది. నా బాకీల పుస్తకం కంప్యూటర్లోకి ఎప్పుడు ఎక్కుతుంది?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

నేను పదకొండేళ్ళుగా ఆఫీసులో చేసేది ఈ పనే. కొత్తగా చేరిన ఇంజనీర్లకి ఇదే వరసలో చెప్తే బాగానే అందుకుంటారు. ఇక్కడ ఎందుకు కుదరట్లేదో అర్థం కావట్లేదు. ఇలాంటి వాళ్ళకి నేర్పినవాళ్ళు, ఇలా నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే ఆదివారం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడానికి కూడా నేను సిద్ధమే.

ఫ్రంటెండ్_తేజ | జూన్ 8, 2025, రాత్రి 10.15

అన్నా, మీ వరస తప్పేమీ కాదు. హెచ్‌టీఎంఎల్ రాకుండా ముందుకి ఎలా వెళ్తాం? నాలుగు వారాలకి ఫలితం చూపించడం ఎవరివల్లా కాదు. ఇంకో రెండు నెలలు ఓపిక పట్టమనండి. రియాక్ట్ వస్తే రేపు అవసరమైతే ఉద్యోగానికీ పనికొస్తుంది, ఆగకండి.

పాతకాపు_హైదరాబాద్ | జూన్ 8, 2025, రాత్రి 11.05

తేజా, వాళ్ళకి ఉద్యోగం అక్కర్లేదని కృష్ణలంక గారు మొదటి పేరాలోనే రాశారు కదా. ఆ మాటని పక్కనపెట్టి దీనికి సమాధానం చెప్పలేం.

నేను పధ్నాలుగేళ్ళు అమీర్‌పేటలో ఉద్యోగ బ్యాచ్‌లకి చెప్పాను. ఆ పిల్లలు రోజుకి ఆరేడు గంటలు అదే పనిమీద ఉండేవాళ్ళు. పొద్దున చెప్పింది సాయంత్రానికి ఒకసారి, మర్నాడు ఇంకోసారి చేతిలో ఆడేది. అందుకే కింది మెట్టు నుంచి ఒక్కోటి ఎక్కించినా నిలబడేవాళ్ళు. మీ దగ్గరికి వచ్చేవాళ్ళకి ఆదివారం మధ్యాహ్నం మూసిన ల్యాప్‌టాప్ మళ్ళీ ఆదివారం దాకా తెరిచే వీలుండదు. తెలివిలో తేడా ఏమీ లేదు. తేడా అంతా మధ్యలో వచ్చే ఆరు రోజులదే. ఆరు రోజుల మరుపుని తట్టుకునే పాఠం కావాలి వాళ్ళకి.

అందుకని నా సలహా, రియాక్ట్ పక్కన పెట్టి, పైథాన్ భాషలో రాసిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో పట్టుకోండి. ఇష్టం కొద్దీ చెప్తున్న మాట కాదు, దాని పుట్టుకలోనే కారణం ఉంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్ళోని ఒక దినపత్రిక ఆఫీసులో 2003లో అడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ దాన్ని మొదలుపెట్టారు. 2005 జూలైలో అందరికీ విడుదలైంది. పత్రికాఫీసులో సమాచారం ఎక్కించాల్సింది ప్రోగ్రామర్లు కాదు, రిపోర్టర్లు, ఎడిటర్లు. వాళ్ళు కోడ్ ముట్టుకోకుండా వివరాలు చేర్చడానికి, దిద్దడానికి వీలుగా అడ్మిన్ పేజీలు దాంతోపాటే పుట్టాయి. మీ క్లాసులో ఉన్నవాళ్ళకీ కావలసింది అదే కదా. బాకీల పుస్తకానికి ఏమేం గడులు ఉండాలో ఒక్క ఫైలులో రాసి, అడ్మిన్‌కి పరిచయం చేస్తే చాలు. చేర్చడం, దిద్దడం, తీసెయ్యడం అన్నీ మొదటి రోజే వచ్చేస్తాయి. పెద్దాయన మొదటి ఆదివారమే పది మంది రైతుల బాకీలు ఎక్కించి ఇంటికెళ్ళేవారు.

హెచ్‌టీఎంఎల్ తర్వాత చెప్పండి. ఆ తెర మీద అక్షరం చిన్నగా ఉందని వాళ్ళే అడిగిన రోజున చెప్పండి.

ఉప్పాడ_అంచు | జూన్ 9, 2025, ఉదయం 6.50

నేర్చుకున్నదాన్ని కాబట్టి నా వైపు నుంచి చెప్తాను. మాది ఉప్పాడ దగ్గర. మా కుటుంబం చుట్టుపక్కల మగ్గాలకి నూలు ఇచ్చి జాందానీ చీరలు నేయిస్తుంది. లెక్కలు నేనే రాస్తాను. డిగ్రీ కామర్స్‌తో ఆగాను. రెండేళ్ళ క్రితం మా చిన్నాన్న కొడుకు ఫోన్లో చెప్తుంటే ఆర్డర్ల కోసం జాంగోలో ఒకటి తయారుచేసుకున్నాను. ఇప్పటికీ రోజూ వాడుతున్నాం.

మావాడు మొదట హోటల్ కథ చెప్పాడు. కస్టమర్, వెయిటర్, వంటగది, మెనూ. కథ బాగానే అర్థమైంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం వెయిటర్ ఎవరో, వంటగది ఏ ఫైలో తెలియలేదు. రెండు రోజులు కథలోనే తిరిగాను. మూడో రోజు వాడు విసుక్కుని, "అక్కా, నీ రిజిస్టర్ తీసి ఫోన్ ముందు పెట్టు" అన్నాడు. నాకు అసలు పాఠం అక్కడ మొదలైంది.

నా దగ్గర రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి నేతవాళ్ళ ఖాతా. ఒక్కొక్కరికి ఒక పేజీ, పైన పేరు, ఫోన్ నంబర్, మగ్గం ఎక్కడుందో. రెండోది ఆర్డర్ల పుస్తకం. తేదీ, రంగు, అంచు, ఎన్ని బుటాలు, అడ్వాన్స్, ఇవ్వాల్సిన రోజు. ఆర్డర్ల పుస్తకంలో నేతగాడి పేరు పూర్తిగా రాసేదాన్ని కాదు, "పే. 12" అని రాసేదాన్ని. అంటే ఖాతాలో పన్నెండో పేజీ చూడమని. మావాడు అది చూసి, "నువ్వు ఫారిన్ కీ ఎప్పటినుంచో రాస్తున్నావు" అన్నాడు. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. ఆ పేజీ చింపేస్తే ఆ ఆర్డర్లన్నీ ఏమవుతాయని నేనే ఎదురు అడిగాను. ఆ ప్రశ్నకి జాంగోలో ఆన్ డిలీట్ అనే జవాబు ఉందని అప్పుడే తెలిసింది. పేజీ చింపనివ్వకుండా ప్రొటెక్ట్ అని పెట్టుకున్నాం.

మీ ఎరువుల షాపాయన్ని ఆ బాకీల పుస్తకం క్లాసుకి తెచ్చుకోమనండి. మీరు అది చదవండి. ఏ గడి ఎందుకు గీశారో ఆయన చెప్తుంటే వినండి. మోడల్, అంటే ఏమేం గడులు ఉండాలో జాంగోకి చెప్పే వివరం, ఆ పుస్తకంలోనే ఉంటుంది.

పాతకాపు గారు మరుపు గురించి అన్నది అక్షరాలా నిజం. పెళ్ళిళ్ళ సీజన్లో నెలన్నర దాన్ని ముట్టుకోలేదు. తర్వాత తెరిస్తే సర్వర్ ఎలా ఆన్ చెయ్యాలో కూడా గుర్తులేదు. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను, ఆర్డర్లన్నీ పోయాయేమో అనుకున్నాను. ఆరోజు మావాడితో మాట్లాడుతూ ఒక కాగితం రాసుకున్నాను. ఏ ఫోల్డర్ తెరవాలి, ఏ ఆజ్ఞ ముందు, ఏది తర్వాత, అప్పుడు తెర మీద ఏం కనపడాలి. ఆ కాగితం ఇప్పటికీ బీరువా తలుపుకి లోపల అంటించి ఉంది.

కృష్ణలంక | జూన్ 9, 2025, ఉదయం 8.20

అక్కా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. అకౌంట్స్ తెలిసినవాళ్ళ జర్నల్ పుస్తకంలో ఎల్ఎఫ్ (లెడ్జర్ ఫోలియో) అని ఒక గడి ఉంటుంది, లెడ్జర్‌లో పేజీ నంబర్ వేసేది. అదీ ఇదే. ఇన్నేళ్ళలో నాకు ఆ రెంటికీ లంకె తట్టలేదు. ఆ బీరువా కాగితం ఫోటో ఒకటి పెట్టగలరా?

ఉప్పాడ_అంచు | జూన్ 9, 2025, ఉదయం 9.05

అందులో పాస్‌వర్డ్ కూడా రాసి ఉంది తమ్ముడూ, ఫోటో వద్దు. మాటల్లో రాస్తాను. మొదటి వరస, డి డ్రైవ్‌లో ఆర్డర్లు ఫోల్డర్. రెండోది, అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్, నల్ల కిటికీ వస్తుంది. మూడోది, వెన్వ్ (ఈ పనికి కావలసిన పైథాన్ సామాను విడిగా ఉంచే చోటు) ఆన్ చేసే ఆజ్ఞ, వరస ముందు బ్రాకెట్లో వెన్వ్ అని కనపడాలి, కనపడకపోతే ముందుకి వెళ్ళొద్దు. నాలుగోది రన్‌సర్వర్, సర్వర్‌ని లేపే ఆజ్ఞ. ఐదోది, నల్ల కిటికీ మూసెయ్యొద్దు, మూస్తే పేజీ రాదు. ఇంతే. ఐదో వరస కింద మాత్రం ఎర్ర గీత గీశాను.

ప్లేనో_ప్రవాసి | జూన్ 9, 2025, ఉదయం 10.30

టెక్సస్ నుంచి రాస్తున్నాను, ఇక్కడ ఆదివారం రాత్రి. జాంగో గర్ల్స్ వర్క్‌షాపుల్లో రెండుసార్లు కోచ్‌గా కూర్చున్నాను. 2014లో బెర్లిన్‌లో ఓలా సితార్‌స్కా, ఓలా సెండెట్స్కా మొదలుపెట్టారు. ప్రోగ్రామింగ్ ఎప్పుడూ చూడని ఆడవాళ్ళు ఒక్క రోజులో ఒక బ్లాగు తయారుచేసి, సాయంత్రానికి ఇంటర్నెట్‌లో పెట్టి వెళ్తారు. పాఠ్యం అంతా ఉచితంగా దొరుకుతుంది.

అక్కడ చూసినవాటిలో రెండు మీకు పనికొస్తాయి. మొదటిది, ముగ్గురికి ఒక కోచ్. మీరు తొమ్మిది మందికి ఒక్కరే. ఒకరి దగ్గర ఇన్‌స్టలేషన్ ఆగితే మిగతా ఎనిమిది మందీ గోడ చూస్తూ కూర్చుంటారు. మీ ఆఫీసులో జూనియర్లని ఇద్దరిని ఆదివారం రమ్మని అడగండి, తప్పకుండా వస్తారు.

రెండోది, మధ్యాహ్నం భోజనాలకి ముందే పేజీని పైథాన్ఎనీవేర్ అనే హోస్టింగ్ సైట్‌లో పెట్టించేస్తారు. ఇంకా ఏమీ లేకపోయినా సరే, ఉన్నది పెట్టిస్తారు. ఒకావిడ, ఆసుపత్రిలో నర్సు, ఫోన్లో తన పేజీ తెరుచుకోగానే ఇండియాలో ఉన్న వాళ్ళ అమ్మకి లింకు పంపింది. అక్కడ అప్పటికి రాత్రి. రెండు నిమిషాల్లో "వచ్చింది తల్లీ" అని తిరుగు మెసేజ్. ఆ తర్వాత ఆవిడ సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. మీరు నాలుగు వారాలుగా చెప్పినదంతా లోకల్‌హోస్ట్‌లోనే, అంటే వాళ్ళ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది కదా. అది వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కనపడదు.

సైంటిస్టులకి ప్రోగ్రామింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అని ఉంది, 1998 నుంచి నడుస్తోంది. వాళ్ళ క్లాసులో ప్రతి ఒక్కరికీ రెండు రంగుల స్టిక్కీ నోట్లు ఇస్తారు. పని అయితే ఒక రంగు, ఆగిపోతే ఇంకో రంగు ల్యాప్‌టాప్ మూతకి అంటిస్తారు. చెయ్యి ఎత్తడానికి మొహమాటపడేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. పెద్దవాళ్ళు అందరి ముందూ "నాకు రాలేదు" అని అనరు. కాగితం అంటించడానికి మొహమాటం ఉండదు.

ఓరుగల్లు_లెక్కలసారు | జూన్ 9, 2025, రాత్రి 8.45

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో మ్యాథ్స్ టీచర్ని. 12న బడులు తెరుస్తారు, ఈలోపే నేర్చుకుందామని ఎండాకాలం సెలవుల్లో కూర్చున్నా. ఎక్కడ ఆగిపోయానో చెప్తా, నేర్పేటోళ్ళకు పనికొస్తది.

మొదటి అడ్డంకి, పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్ (పైథాన్ ఎక్కడున్నదో విండోస్‌కు చెప్పేది) దగ్గర టిక్ పెట్టాలంట, అది కింద చిన్నగా ఉంటది. రెండోది, పవర్‌షెల్ అని విండోస్‌లో ఆజ్ఞలు కొట్టే ఇంకో కిటికీ ఉంటది, అందులో వెన్వ్ ఆన్ చేస్తే "రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిసేబుల్డ్" అని ఎర్రగా వచ్చింది. నేనేదో చెయ్యకూడనిది చేసిన అనుకొని ల్యాప్‌టాప్ మూసేసిన. పాత నల్ల కిటికీలో అయితే ఆ గొడవే ఉండదని వారం తర్వాత తెలిసింది. మూడోది మా బడి కంప్యూటర్, విండోస్ 7. కొత్త పైథాన్ ఎక్కదు. 3.8 వెర్షన్ ఎక్కించి, దానికి సరిపడ జాంగో 4.2 వేసుకుంటే నడిచింది.

ఈ మూడింటిలో ఒక్కటి కూడా వెబ్ డెవలప్‌మెంట్ కాదు. కానీ నా సెలవుల్లో సగం వీటికే పోయినయి. మొదటి క్లాసుకు పది రోజుల ముందే ఎవరి ల్యాప్‌టాప్‌లో ఏమున్నదో అడిగి, ముందే ఎక్కించి పెట్టండి సార్. ఇన్‌స్టలేషన్‌తో పాఠం మొదలుపెట్టకండి.

డీటీపీ_గుంటూరు | జూన్ 10, 2025, మధ్యాహ్నం 2.10

తెలుగు అక్షరాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. మాలాంటివాళ్ళు పాతికేళ్ళుగా అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్ళు మా దగ్గర గుట్టలుగా ఉన్నాయి. అవి యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతిలో లేవు. పేజీమేకర్‌లో చక్కగా తెలుగులా కనపడేది వెబ్ పేజీలో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా వస్తుంది. క్లాసులో డీటీపీ ఆయన ఉన్నారన్నారు కదా. ఆయన మొదట చేసే పని అదే, మొదటి రోజే అనుకుంటారు "ఇది తెలుగుకి పనికిరాదు" అని. ముందు కన్వర్టర్‌లో యూనికోడ్‌కి మార్చుకోవాలని మొదటి గంటలోనే చెప్పండి.

ఇంకోటి నేను స్వయంగా పడ్డ గొయ్యి. పేజీ చిరునామా కోసం జాంగోలో స్లగ్ అని ఒకటి తయారవుతుంది. ట్యుటోరియల్లో ఇంగ్లీషు పేర్లే ఉంటాయి కాబట్టి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తెలుగు శీర్షిక ఇస్తే మామూలుగా ఖాళీ వస్తుంది, ఏమీ మిగలదు. దాంతో లింకు దగ్గర "నో రివర్స్ మ్యాచ్" అని జాంగో తప్పు చూపించే పసుపు పేజీ. యూనికోడ్ ఒప్పుకోమని సెట్టింగ్ ఇస్తే అక్షరాలు వస్తాయి గానీ గుణింతాలు ఎగిరిపోతాయి. "ఏరువాక" అని ఇస్తే "ఏరవక" వస్తుంది. "కోతలు" ఇస్తే "కతల". పైథాన్ గుణింతపు గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టకపోవడం వల్ల అలా అవుతుంది. నా మీద నాకే అనుమానం వచ్చి రెండు రాత్రులు కూర్చున్నాను. చివరికి చిరునామాలో పేరు తీసేసి నంబర్ పెట్టుకున్నాను. మీ జానపద గేయాల అమ్మాయి కచ్చితంగా ఇక్కడే ఇరుక్కుంటుంది, ముందే చెప్పండి.

ఇలాగే గడి పొడవు కూడా. "శ్రీ" మనకి ఒక్క అక్షరం. పైథాన్‌ని లెక్కపెట్టమంటే నాలుగు అంటుంది, శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి. పేరు గడికి ఇరవై చాలులే అని పెట్టుకుంటే మన పేర్లు సగంలో ఆగిపోతాయి.

ఫ్రంటెండ్_తేజ | జూన్ 10, 2025, రాత్రి 9.30

డీటీపీ గారూ, స్లగ్ సంగతి నాకు తెలియదు. ఇప్పుడే చేసి చూశాను, నిజంగానే "ఏరవక" వచ్చింది.

ఒకటి ఒప్పుకుంటాను. వాళ్ళు వారానికోసారి వచ్చేవాళ్ళయితే రియాక్ట్ వైపు మార్పులు ఎక్కువే. నేను కాలేజీలో నేర్చుకున్న, కొత్త రియాక్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టే సాధనం క్రియేట్ రియాక్ట్ యాప్‌ని ఈ ఫిబ్రవరిలో అధికారికంగా పక్కన పెట్టేశారు. రోజూ చేసేవాడిని కాబట్టి నాకు ఒక పూటలో అలవాటైపోయింది. షాపు చూసుకునేవాళ్ళకి అది మళ్ళీ మొదటి పాఠం అవుతుంది.

కానీ ఇప్పుడు ఏఐ ఉంది కదా. "బాకీల పుస్తకం తయారుచెయ్యి" అంటే నిమిషంలో మొత్తం రాసిచ్చేస్తుంది. ఇంక ఫ్రేమ్‌వర్క్ నేర్పడం దేనికి? నిజంగానే అడుగుతున్నాను.

పాతకాపు_హైదరాబాద్ | జూన్ 10, 2025, రాత్రి 10.50

మంచి ప్రశ్న అడిగావు. పోయిన నెల మా బంధువు ఒకాయన, ఫిజియోథెరపిస్ట్, అలాగే చేసుకొచ్చారు. సగం బాగుంది, సగం లేవట్లేదు. చూస్తే చిరునామాల ఫైలులో యూఆర్ఎల్ అనే పాత పద్ధతి, పాత్ అనే కొత్త పద్ధతి రెండూ కలిపి ఉన్నాయి. పాత్ 2017 డిసెంబర్‌లో జాంగో 2.0తో వచ్చింది, పాతదాన్ని 2021 డిసెంబర్‌లో 4.0లో తీసేశారు. ఇంటర్నెట్‌లో రెండు కాలాల పాఠాలూ ఉన్నాయి కాబట్టి రెండూ కలిసి వచ్చాయి. ఆయన ఆ తప్పునే మళ్ళీ మళ్ళీ పేస్ట్ చేసి నాలుగు గంటలు పోగొట్టుకున్నారు. నేను చూసిన మొదటి నిమిషంలో పోయింది, నా తెలివి వల్ల కాదు, ఎర్రర్ చివరి వరసలో "యూఆర్ఎల్‌ని ఇంపోర్ట్ చెయ్యలేను" అని రాసే ఉంది కాబట్టి. ఆయనకి చివరి వరస చదవాలని ఎవరూ చెప్పలేదు.

ఏఐ రాసిస్తే రాసివ్వనీ. కానీ ఏ గడి ఏ ఫైలులో ఉంది, తప్పు ఎక్కడ కనపడుతుంది అనే రెండూ మనిషికి తెలిసి ఉండాలి. కృష్ణలంక గారూ, ఒక పూర్తి ఆదివారం ఎర్రర్లకే ఇవ్వండి. మీరే కావాలని పాడుచెయ్యండి. మైగ్రేట్ (మోడల్లో రాసిన గడుల్ని డేటాబేస్‌లో గీసే ఆజ్ఞ) చెయ్యకుండా వదిలెయ్యండి, "నో సచ్ టేబుల్" వస్తుంది. టెంప్లేట్ (పేజీ ఎలా కనపడాలో రాసే ఫైలు) పేరులో ఒక అక్షరం తీసెయ్యండి. వర్డ్‌లోంచి కోడ్ పేస్ట్ చేయించండి, వంకర కోట్‌లు వచ్చి పైథాన్ ఒప్పుకోదు. పైథాన్‌లో అసలు సంగతి కింద చివర ఉంటుంది, జాంగో పసుపు పేజీలో పైనే పెద్దక్షరాల్లో ఉంటుంది. ఈ రెండు చోట్లూ చూడటం అలవాటైతే నెల తర్వాత తెరిచినా భయపడరు.

కృష్ణలంక | జూన్ 29, 2025, రాత్రి 9.15

మూడు ఆదివారాలు అయ్యాయి, జరిగింది చెప్తాను. మానేసిన ఐదుగురికీ ఫోన్ చేశాను. "వరస నాదే తప్పు, మళ్ళీ మొదలుపెడుతున్నాను, మీ పుస్తకాలు తెచ్చుకోండి" అన్నాను. ముగ్గురు తిరిగొచ్చారు. ఇప్పుడు ఏడుగురు. ఆఫీసు నుంచి ఇద్దరు పిల్లలు సాయానికి వస్తున్నారు.

జూన్ 15న కంప్యూటర్లు పదకొండున్నర దాకా తెరవలేదు. పుస్తకాలు తెరిచాం. ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర కెమికల్స్ స్టాకు పుస్తకం, టీచరమ్మ దగ్గర లైబ్రరీ పుస్తకాలు ఎవరికిచ్చారో రాసే పొడవాటి రిజిస్టర్, పరిశోధన చేసే అమ్మాయి దగ్గర పాటల కార్డులు, పెద్దాయన బాకీల పుస్తకం. ఆయన పుస్తకంలో ఒక వింత గడి ఉంది. పేరు పక్కన చిన్నగా "ప" అనో "నె" అనో రాసి ఉంది. అడిగితే, పంట చేతికొచ్చాక కట్టేవాళ్ళు "ప", నెలనెలా కట్టేవాళ్ళు "నె" అన్నారు. జాంగోలో చాయిసెస్ అంటే అదే. నేను ఆ మాట నాలుగు వారాల తర్వాత చెప్పేవాణ్ణి, ఆయన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది.

పన్నెండున్నరకి అందరి అడ్మిన్ పేజీలూ లేచాయి. 22న చిరునామాలు, టెంప్లేట్లు. ఇక్కడ ఒక్క పనే చేయించాను. ఒక పక్క బ్రౌజర్, ఒక పక్క నల్ల కిటికీ పెట్టుకుని, పేజీ తెరిచినప్పుడల్లా నల్ల కిటికీలో కొత్తగా పడే వరస గట్టిగా చదవమన్నాను. 200 అంటే దొరికింది, 404 అంటే ఆ చిరునామా లేదు, 500 అంటే మన కోడ్ దెబ్బతింది. టీచరమ్మ కాసేపటికి, "నేను నొక్కినప్పుడల్లా ఇక్కడ హాజరు పడుతోంది" అన్నారు. వ్యూ (అడిగిన పేజీని తయారుచేసి ఇచ్చే కోడ్) అంటే ఏమిటో ఆ తర్వాత చెప్పడం తేలికైంది.

ఇవాళ మొత్తం ఎర్రర్ల క్లాసు. పాతకాపు గారూ, ఇన్నాళ్ళలో ఇంత బాగా గడిచిన ఆదివారం ఇంకోటి లేదు. రెండు రంగుల కాగితాలు కూడా పెట్టాం. గులాబీ అంటే ఆగిపోయాను. మొదటి అరగంట ఆరు మూతల మీదా గులాబీ, ఒంటిగంటకి రెండే.

పెద్దాయన మాత్రం 22నా రాలేదు, ఇవాళా రాలేదు. ఖరీఫ్ మొదలైంది, షాపు దగ్గర రద్దీ.

ఓరుగల్లు_లెక్కలసారు | జూన్ 29, 2025, రాత్రి 10.20

హాజరు మాట బాగుంది సార్, రేపు నేనూ అట్లనే చూస్త. ఒక్క అనుమానం. మా పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఫ్రీ హోస్టింగ్‌లో పెట్టొచ్చా?

ప్లేనో_ప్రవాసి | జూన్ 30, 2025, ఉదయం 7.40

పెట్టకండి మాస్టారూ. ఈ మాట గట్టిగా చెప్పాలి. నేర్చుకునే రోజుల్లో డీబగ్ అనే సెట్టింగ్ ట్రూగా, అంటే ఆన్‌లో ఉంటుంది. అలాగే నెట్‌లో పెడితే ఏ చిన్న తప్పు వచ్చినా ఆ పసుపు పేజీ లోపలి వివరాలన్నీ దారినపోయేవాళ్ళకి చూపిస్తుంది. పైగా అడ్మిన్ పాస్‌వర్డ్ తేలిగ్గా గుర్తుండాలని బడి పేరే పెట్టుకుంటారు, చిరునామా చివర అడ్మిన్ అని కొట్టి చూడటం ఎవరికైనా తెలుసు. పిల్లల ఫోన్ నంబర్లు, ల్యాబ్‌లో పేషెంట్ల పేర్లు మీ సొంతం కావు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది.

నెట్‌లో పెట్టడం నేర్పేటప్పుడు లైబ్రరీ పుస్తకాల జాబితా, పాటలు లాంటివి తీసుకోండి. పేర్లూ నంబర్లూ ఉన్నవాటిని వాళ్ళ ల్యాప్‌టాప్‌లోనే ఉంచండి. వారానికోసారి ఆ డేటాబేస్ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోమనండి. ఎస్‌క్యూలైట్ (జాంగో మామూలుగా వాడే డేటాబేస్) అయితే ఒక్క ఫైలే కాబట్టి తేలిక.

కృష్ణలంక | జూలై 13, 2025, మధ్యాహ్నం 2.30

ఇప్పుడే హాలు తాళం వేసి వచ్చాను. పాటల అమ్మాయి సైటు నెట్‌లో ఉంది. నలభై మూడు పాటలు, చిరునామాలో నంబర్లే, డీటీపీ గారి పుణ్యమా అని ఆ గోతిలో పడలేదు. ల్యాబ్ స్టాకు, లైబ్రరీ రిజిస్టర్ వాళ్ళ వాళ్ళ కంప్యూటర్లలో నడుస్తున్నాయి. డీటీపీ ఆయన ఇంకా అను ఫైళ్ళు మార్చుకునే పనిలోనే ఉన్నారు.

పెద్దాయన నాలుగు వారాల తర్వాత ఇవాళ వచ్చారు. బాకీల పుస్తకంలో మడత పెట్టి ఉన్న కాగితం తీశారు. ఉప్పాడ అక్క చెప్పిన పద్ధతిలో మొదటి రోజే అందరిచేతా రాయించింది. వేలు పెట్టి ఒక్కో వరస చదువుకుంటూ కొట్టారు. నేను పక్కన నిలబడ్డాను గానీ మాట్లాడలేదు. బ్రాకెట్లో వెన్వ్ కనపడిందాకా ఆగారు. సర్వర్ లేచింది. బాకీలు తెరిస్తే పసుపు పేజీ. చివరిసారి వచ్చిన రోజు హడావిడిలో ఊరు పేరు కోసం ఒక గడి చేర్చి, మైగ్రేట్ చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఎర్రర్ల క్లాసుకి ఆయన లేరు కదా, ఇప్పుడు లేచి వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను. పక్కన కూర్చున్న టీచరమ్మ, "పైన పెద్దక్షరాలు చదవండి బాబాయ్ గారూ" అన్నారు. "నో సచ్ కాలమ్" అని కూడబలుక్కుని చదివారు. ఒక నిమిషం చూసి, "గడి గీశాను గానీ పుస్తకంలో గియ్యలేదన్నమాట" అన్నారు. టీచరమ్మ కాగితం వెనకవైపు మైగ్రేషన్ ఆజ్ఞలు రెండూ రాసిచ్చారు, ఆయనే కొట్టారు. పేజీ వచ్చింది. ఒంటిగంటన్నర దాకా కూర్చుని ముప్ఫై ఒక్క బాకీలు ఎక్కించారు.

వెళ్తూ ఒకటి అడిగారు. "ప" అని ఉన్నవాళ్ళని వేరే రంగులో చూపించొచ్చా అని. వచ్చే వారం సీఎస్ఎస్ అక్కడినుంచి ఎత్తుకుందామనుకుంటున్నాను. ఇలాంటిది ఎవరైనా చేసుంటే ఎలా చేశారో చెప్పండి, ఆయనకి చూపిస్తాను.

ఉప్పాడ_అంచు | జూలై 13, 2025, సాయంత్రం 5.10

నేను చేశాను తమ్ముడూ. ఇవ్వాల్సిన రోజు దాటిన చీరలు మా జాబితాలో ఎర్రగా వస్తాయి. టెంప్లేట్‌లో ఒక ఇఫ్ (ఇలా ఉంటే అలా చెయ్యి అనే షరతు), సీఎస్ఎస్‌లో ఒక్క వరస, అంతే పని. ఆదివారం పదిన్నరకి వీడియో కాల్ చెయ్యండి, నా తెర చూపిస్తూ చెప్తాను. బాబాయ్ గారిని ఆ టైముకి ఉండమనండి.